అత్తమ్మ దంచిన బియ్యం

నా చేతి బ్రౌన్ రైస్ పులావ్ తిని వంక పెట్టినవాళ్లు ఇంతవరకు లేరు. ఒకప్పుడు ఈ మాట గొప్పకు చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆ పులావ్ పేరెత్తితే చాలు, నాకు ముద్ద దిగదు. అయినా వండుతూనే ఉన్నాను. అడిగినవాళ్లకు కాదంటే కారణం చెప్పాలి కదా. ఆ కారణం బయటికి చెప్పే వీలు నాకు లేదు. కాగితం మీద రాసుకోవడానికి మాత్రం ఎవరూ అడ్డం లేరు.

మాది ఇబ్రహీంపట్నం. ఇక్కడే ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. మా ఆయనకు షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ అన్న రోజు నుంచి మా ఇంట్లో తెల్లన్నం మీద కత్తి కట్టాను. ముడిబియ్యం, కొర్రలు, అవిసె గింజలు. మా అత్తమ్మ నాలుగు రోజులు ఓపిక పట్టింది. ఐదో రోజు కంచం ముందు కూర్చుని అంది:

"మేము తవుడు బర్లకు పెడ్తుంటిమి. నువ్వు మొగనికి పెడుతున్నవ్."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "షుగర్ వచ్చేది నీ కొడుక్కు అత్తమ్మా, బర్రెకు కాదు" అన్నాను.

ఆమె పళ్లన్నీ కనబడేలా నవ్వింది. మా ఇద్దరికీ అట్లాంటి మాటలు అలవాటే. నేను ఒకటంటే ఆమె రెండంటుంది, సాయంత్రానికి ఇద్దరం కలిసి టీ తాగుతాం. అందుకే మా మధ్య అబద్ధం అవసరం ఎప్పుడూ పడలేదు. ఆ ఒక్కసారి తప్ప.

పులావ్ మొదలుపెట్టింది ఆమె నోరు మూయించడానికే. ముడిబియ్యం ఉత్తగా వండితే ఎవరికీ దిగదు, నాకూ దిగదు, నిజం ఒప్పుకోవాలి. దాన్ని మంచి చేసుకోవాలంటే ముందు రెండు గంటలు నానబెట్టాలి. మందపాటి గిన్నెలో నెయ్యి వేసి జీడిపప్పు, బాదం ఎర్రగా వేయించి తీసెయ్యాలి. అదే నేతిలో కిస్మిస్ వేసి ఉబ్బిన మరుక్షణం తియ్యాలి, లేకపోతే చేదెక్కుతాయి. తర్వాత షాజీర, లవంగం, చెక్క, బగారాకు. ఉల్లిగడ్డ ఎర్రబడ్డాక అల్లం వెల్లుల్లి. నానిన బియ్యం వేసి ప్రతి గింజకూ నెయ్యి అంటేదాకా కలిపి, ఒకటికి రెండున్నర లెక్కన నీళ్లు పోసి, ఉప్పు వేసి, మూతపెట్టి సన్నమంట మీద వదిలెయ్యాలి. మధ్యలో మూత తీశారంటే మీ ఖర్మ. నానబెట్టిన ఎండు ఖర్జూరాలు, అంజీర్, ఖుబానీ సన్నగా కోసి చివరి పది నిమిషాల్లో పైన చల్లాలి. దించాక ఒక పావుగంట దాని జోలికి పోకూడదు.

అత్తమ్మ మొదటిసారి తిన్నప్పుడు "బగారన్నంల పండ్లు పడ్డయి" అని ఊరుకుంది. ఆమె నోటి నుంచి అది మెచ్చుకోలు కిందికే వస్తుంది.

ఇక అసలు సంగతి. మేముండే ఇల్లు కొత్తది. చెరువు కింద మా మామయ్య దున్నిన పొలం వెంచరుకు పోయాక కట్టుకున్నది. పొలం అమ్మాలన్నది మా ఆయన ఆలోచన అని అందరూ అనుకుంటారు. ఆయన పాపం నోరు లేనివాడు. ఆరు నెలలు ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేను. చుట్టూ అందరూ అమ్ముతున్నారు, మనమొక్కళ్లం నాట్లు వేసుకుంటూ కూర్చుంటే నవ్వుతారు, నీకు దుక్కి రాదు, నాకు మంచి వంటిల్లు లేదు, ఇదీ నా పోరు. నేను పులావ్ వండే నల్లరాతి గట్టు, గోడకు బిగించిన అరలు, అన్నీ ఆ పొలంలోంచి లేచినవే.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, మీర్‌పేట్‌లో ఉంటుంది. పొలం అమ్మేటప్పుడు ఆమెను సంతకానికి పిలిచాం, మాటకు పిలవలేదు. ఆమె వచ్చింది, సంతకం పెట్టింది, తనకు రావలసింది తనకు వచ్చింది. పోయేటప్పుడు గడపలో చెప్పులేసుకుంటూ వాళ్లన్నతో ఒక్క మాట అంది: "బాపు పొలం. అమ్ముతున్నం చెల్లే అని ఒక్క మాట ముందుగాల చెప్పబుద్ధి కాలే నీకు." వాళ్లన్నతో అంటూ నన్ను చూసింది. ఆ తర్వాత రెండేళ్లు మా గడప తొక్కలేదు. పండగలకు ఫోన్ చేస్తే అత్తమ్మతో మాట్లాడి పెట్టేసేది. కొత్త ఇల్లు చూడనే లేదు.

అత్తమ్మ మాత్రం ఈ రెండేళ్లలో ఎవరినీ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మా కాలేజీలో ఆడవాళ్లమంతా నెలకోసారి తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తింటాం. ఆ నెల "హెల్దీ ఫుడ్" అని పెట్టారు. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. గ్రూపులో మెసేజ్ పెట్టాను: అన్నం ఎవరూ తేవొద్దు, ముడిబియ్యం పులావ్ నాదే, ఇరవై ఐదు మందికీ నాదే. శనివారం పొద్దున లేచి చూస్తే నా బియ్యం ప్యాకెట్ నిండా పురుగు. దుకాణాలు తెరిచే వేళ కాలేదు. మామూలు బియ్యంతో వండుకుపోతే ఏమయ్యేది? ఏమీ కాకపోయేది. కానీ నేను అంత ఢంకా బజాయించి తెల్లన్నం పట్టుకుపోతానా?

అత్తమ్మ ముందురోజే కోహెడలో ఉన్న తన చెల్లెలింటికి పోయింది. ఎందుకు పోతున్నావంటే "ఉత్తగనే" అంది. ఆమె గదిలో చిన్న గిన్నె కోసం వెతుకుతుంటే అర మీద ఒక స్టీలు డబ్బా కనబడింది. మూత తీస్తే ముడిబియ్యం. దుకాణంలో దొరికే రకం కాదు. పొట్టిగా, ఒక గింజ ఎర్రగా, ఒక గింజ లేతగా, తవుడు వాసనతో ఉన్నాయి. రెండు కిలోల పైనే ఉంటాయి.

నాకు నవ్వొచ్చింది. తవుడు బర్లకు పెడతామన్న మనిషి చాటుగా దంపుడు బియ్యం తెచ్చిపెట్టుకుందన్నమాట! సాయంత్రం వచ్చాక ఎట్లా ఆటపట్టించాలో మనసులో మాటలు కూడా అల్లుకున్నాను.

డబ్బా పక్కన పసుపు కొమ్ములు ఉన్నాయి. ఐదు. విడిగా, వరుసగా పెట్టి ఉన్నాయి. చూశాను. చూసి పక్కకు జరిపి, డబ్బాలో బియ్యం మొత్తం నానబోశాను. రెండు రోజుల ముందు ఆమె అరచేతుల్లో బొబ్బలు చూశాను. ఏమైందంటే "చీపురు కట్టిన" అంది. మా ఇంట్లో చీపురు కొనే తెస్తాం కదా అని అప్పుడు తట్టలేదు. ఒక్క ఫోన్ చేస్తే ఎత్తేది. ఫోన్ నా చేతిలోనే ఉంది, గ్రూపులో పులావ్ ఫొటో పెట్టడానికి.

ఆ రోజు పులావ్ కుదిరినట్టు మళ్లీ ఎప్పుడూ కుదరలేదు. పాత వడ్ల బియ్యం కావడంతో గింజకు గింజ అంటలేదు. మూత తీయగానే స్టాఫ్ రూమంతా వాసన. ఒకావిడ రెండోసారి వడ్డించుకుంటూ "ఏ బ్రాండ్ మేడం?" అంది. "మా అత్తగారి బ్రాండ్" అని నవ్వాను. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. మా ఇంట్లో ఆ పని కోడలు చేసింది.

అడుగున మిగిలింది చిన్న గిన్నెడు. సాయంత్రం అత్తమ్మ కోహెడ నుంచి రాగానే కాళ్లు కడుక్కోనిచ్చి, వేడి చేసి చేతికిచ్చాను. ఆమె రెండు ముద్దలు తిని ఆగింది. నోట్లో ఉన్నది నెమ్మదిగా నమిలింది.

"ఏడియి పిల్లా గీ బియ్యం?" అంది.

"చెప్పుకో చూద్దాం" అన్నాను, దొంగ దొరికిందన్న సంబరంతో.

ఆమె గిన్నె ఒళ్లో పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టింది.

"రేపు గాక వచ్చే ఐతారం మీర్‌పేట్ పిల్ల వస్తది. నేనే ఫోన్ జేసిన. ఒడిబియ్యం పోద్దాం రాయే అన్న. మొదలు రానన్నది. మన పొలంల ఆఖరి పంట వడ్లు జరన్ని దాచిన బిడ్డా, నీ ఒడిల గవ్వే పోపిస్త అన్న. గప్పుడు ఏడ్చింది. వస్త అన్నది. గందుకే కోహెడకు పోయి మా చెల్లెను పిలిచొచ్చిన."

నా నవ్వు మూతి మీదే ఉండిపోయింది. మా వైపు ఆడపిల్లకు మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. కొత్త చీర పెట్టి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యంతో పాటు ఎండుకొబ్బరి కుడుకలు, ఎండు ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు ఆమె కొంగులో పోస్తారు. ఆడపిల్లకు పుట్టిల్లు ఇంకా ఉందని చెప్పడం అది. ఐదు పసుపు కొమ్ములు పెట్టింది దానికోసమే.

అత్తమ్మ చెబుతూనే ఉంది. "నేను పొయ్యనీకి లేదు. మీ మామ పోయిన సంది గసొంటి వాటికి నా చెయ్యి రాదంటరు. పోసేది మీరిద్దరే. దంచనీకైతే ఎవ్వడు ఆపుతడు? మూడు దినాలు దంచిన. మిషన్ల పట్టిన బియ్యం కింద ఉండనీ, మీదికెల్లి ఐదు దోసిళ్లు నావి పడాలె. భూమి ఎట్లయినా పాయె. గింజన్న దాని ఒడిల పడాలె గద."

అప్పుడు మళ్లీ అడిగింది. "ఏడియి గీ బియ్యం?"

నోరు విప్పితే అయిపోయేది. "తప్పయిపాయె అత్తమ్మా" అనడానికి ఎంతసేపు? తిట్టేది. ఆమె తిట్లు నాకు కొత్తవా? కానీ నాకు ఆ క్షణం కనబడింది ఆడబిడ్డ మొఖం. పొలం అమ్మించింది ఇదే, చివరి గింజలు వండి ఊరికి పెట్టింది కూడా ఇదే అని నా వైపు చూసే చూపు.

"దుకాణంలవి" అన్నాను.

"అట్లనా" అంది అత్తమ్మ. గిన్నె మళ్లీ తీసుకుని, అడుగున అంటిన మెతుకులు కూడా వేలితో ఊడ్చి తినేసింది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే సాగర్ రోడ్డు మీద దుకాణానికి పోయి ముడిబియ్యం తెచ్చాను. నా చేతులతో ఆ డబ్బాలో పోశాను. పోసి చూస్తే ఏడుపొచ్చింది. అన్నీ ఒకే పొడుగు, ఒకే రంగు. గుడ్డివాడికి కూడా తేడా తెలుస్తుంది. పెరట్లో రోలు పక్కన చేటలో అత్తమ్మ దంచినప్పుడు రాలిన నూకలు ఒక గుప్పెడు ఉన్నాయి, పిట్టల కోసం ఉంచినట్టుంది. అవి తెచ్చి కలిపాను. రంగు కలుస్తుందని ఒకటి. పూర్తిగా అబద్ధం కాదు, ఆ పొలం గింజలు కూడా ఇందులో ఉన్నాయని నాకు నేను చెప్పుకోవచ్చని ఇంకొకటి. చదువుకున్నదాన్ని కదా, నాకు నేను చెప్పుకోవడానికి మాటలు తొందరగానే దొరుకుతాయి.

వారమంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాను. చేసిన తప్పు పెద్దదా, దాచింది పెద్దదా అని రోజూ తూకం వేసుకోవడం, చెబుదామని ఆమె గది దాకా పోవడం, "ఏం పిల్లా?" అంటే "టీ పెట్టాలా?" అనడం. ఆ వారం మా అత్తమ్మ తాగినన్ని టీలు జన్మలో తాగి ఉండదు.

శుక్రవారం కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె వసారాలో కూర్చుని, డబ్బాలో బియ్యం చేటలో పోసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని నూకలు ఏరుతోంది. విరిగిన గింజ ఒడిబియ్యంలో ఉండకూడదు. ఆ ముక్క నాకూ తెలుసు. భయంలో అదీ మర్చిపోయాను. నేను కలిపినవన్నీ ఒక్కొక్కటిగా ఏరి కొంగు చివర వేసుకుంటోంది.

"ఇటియ్యి అత్తమ్మా, నేను ఏరుతా" అన్నాను.

"వద్దు. నా కండ్లు ఇంక మంచిగనే కనబడుతున్నయి" అంది, తలెత్తకుండా.

నేను లోపలికి పోయి వంటగట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆ పొలంవి మిగిలిన నాలుగు గింజలు కూడా ఆమె చేత్తోనే పక్కకు పోతున్నాయి. నూటికి నూరుపాళ్లు దుకాణం బియ్యమే ఇక ఆ ఒడిలో పడేది.

ఆదివారం ఆడబిడ్డ వచ్చింది. భర్తను, పదేళ్ల కూతురిని వెంటబెట్టుకుని, కొత్త ఇంటి గడపలో ఒక నిమిషం నిలబడి చుట్టూ చూసి లోపలికి వచ్చింది. వాళ్లన్న "మంచిగున్నవా?" అంటే "ఆఁ" అంది. అంతే. పీట వేశాం. అత్తమ్మ ఒక పక్కగా గోడకానుకుని కూర్చుంది, ఇట్లాంటప్పుడు ఆమె చోటు అదే. ముందు మిషన్ బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు పోశాం. తర్వాత పసుపు పట్టించిన ఆ డబ్బాలోని బియ్యం దోసిట నిండా తీసుకుని నేను వంగాను.

ఆడబిడ్డ తలెత్తి, నాకు మాత్రమే వినబడేలా అడిగింది. "గివేనా వదినా? మన పొలంవి?"

"అవ్" అన్నాను.

మొదటి అబద్ధం భయంతో ఆడాను. దీనికి ఆ సాకు కూడా లేదు. ఆమె కళ్లలోకి చూసి ఆడాను. ఐదు దోసిళ్లు పోశాను. ఐదోది పోస్తుంటే నాలుగు గింజలు కింద పడితే, ఆమె వంగి వాటిని కూడా ఏరి ఒళ్లో వేసుకుంది. తర్వాత నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది.

"నిన్ను మస్తు తిట్టుకున్న వదినా. పొలం నువ్వే అమ్మిచ్చినవని. మాఫ్ చెయ్యి."

నన్ను మాఫ్ చెయ్యమని అడిగింది! నేల చీలితే బాగుండు అని ఎందుకంటారో అప్పుడు తెలిసింది. మా ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. కోహెడ చిన్నత్తమ్మ ముక్కు చీదుతోంది. గోడ దగ్గర అత్తమ్మ ఒక్కతే ఏడవలేదు, నా చేతుల వైపే చూస్తోంది.

ఒడిబియ్యం అత్తింటికి తీసుకుపోయి వండి పుట్టింటివాళ్లను పిలిచి పెట్టడం ఆనవాయితీ. పది రోజులకు ఆడబిడ్డ ఫోన్ చేసింది. గొంతులో పాత నవ్వు. "వదినా, మన బియ్యంతోని నీ పులావ్ చేస్త. అమ్మ ఒకటే చెప్తది, బగారన్నంల పండ్లు పడ్డయి అని. ఒడిల పోసిన ఖర్జూరాలే కోసి ఏస్త. నీళ్లు ఎన్ని పొయ్యాలె?"

ఒకటికి రెండున్నర అని చెప్పాను. కిస్మిస్ ఉబ్బగానే తియ్యమని చెప్పాను. ఆమె రాసుకుంటూ మళ్లీ మళ్లీ అడిగింది, నేను మళ్లీ మళ్లీ చెప్పాను. ఫోన్ పెట్టాక ఆ పూట ఎవరికీ అన్నం వండలేకపోయాను.

ఆ భోజనాల రోజు మా ఆయన బండి మీద ముందే పోయాడు. నేను, అత్తమ్మ బస్సులో. కిటికీ పక్కన కూర్చున్న ఆమెకు, బస్సు కదిలిన కాసేపటికి, ధైర్యం చేసి చెప్పాను.

"అత్తమ్మా, ఇయ్యాల పిల్లకు చెప్పేస్త."

ఏం చెబుతావని ఆమె అడగలేదు. అప్పుడు అర్థమైంది నాకు.

"నీకు ఎప్పటి సంది ఎరుక?" అన్నాను.

"గిన్నెల పెట్టిచ్చినవ్ చూడు, గప్పటి సంది. నలభై ఏండ్లు తిన్న గా బియ్యం. నాలిక మర్చిపోతదా?"

"మరి ఒక్క మాట అనకపోతివి!"

"అడిగిన. రెండు తాపలు అడిగిన." కిటికీలోంచి చూపు తిప్పలేదు. "తప్పయిందంటే తిడ్దును. తిట్టి, పిల్లను బతిమాలుకుందును. నువ్వు సంచి పట్టుకొని దుకాణానికి పోయినవ్."

నేను బస్సులో అందరి ముందూ ఏడ్చాను. ముందు సీటావిడ తిరిగి చూసింది. చూడనీ.

"ఏడ్వకు" అంది అత్తమ్మ. ఓదార్పుగా అనలేదు, ఆపమన్నట్టు అంది. "ఇయ్యాల చెప్పకు. ఇయ్యాల చెప్తె నీ బరువు దిగుతది. అది పోయి దాని నెత్తి మీద పడ్తది. రెండేండ్లకు నవ్వింది నా బిడ్డ. వద్దు. నువ్వే మొయ్యి."

మీర్‌పేట్‌లో మేము పోయేసరికి బియ్యం నాని ఉన్నాయి. ఎన్నిసార్లు కడిగినా పసుపు పోలేదట, నీళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయి. జీడిపప్పు, బాదం వేయించి పక్కన పెట్టింది. ఉల్లిగడ్డ ఎర్రబడింది. బియ్యం గిన్నెలో వేసి కలుపుతుంటే, అత్తమ్మ వంటింట్లోకి వచ్చి కొంగు చివర ముడి విప్పింది. గుప్పెడు నూకలు.

"ఏందమ్మా గవి?" అంది ఆడబిడ్డ.

"నీ ఒడిబియ్యంలకెల్లి ఏరిన నూకలు. ఒడిల పడొద్దు గని కడుపుల పడొచ్చు." అంటూనే కూతురు చేతికి ఇవ్వకుండా తానే గిన్నెలో వేసింది. గరిటె తీసుకుని తానే కలిపింది. నా వైపు చూడలేదు. ఆ గిన్నెలో ఆ పొలంవి ఆ గుప్పెడే.

అందరం వరుసగా కూర్చున్నాం. పసుపు రంగు పులావ్, పైన ఒడిలోని ఖర్జూరాలు, కుడుకల ముక్కలు కూడా సన్నగా కోసి వేయించి వేసింది. ఆడబిడ్డ కూతురు కిస్మిస్ ఏరుకుని తింటూ మెతుకులు కింద పోస్తుంటే వాళ్లమ్మ గదిమింది. "కింద పడెయ్యకు. మీ తాత పొలంల బియ్యం."

ఆ పిల్ల వెంటనే కింద పడ్డవి ఏరి నోట్లో వేసుకుంది. అచ్చం వాళ్లమ్మ లాగే.

"ఎట్లుంది వదినా?" అంది ఆడబిడ్డ, గరిటెతో నా పక్కన నిలబడి.

"నా కన్నా మంచిగ చేసినవ్" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే. కంచంలో ఎక్కడైనా విరిగిన గింజ కనబడుతుందేమోనని వెతుక్కుంటూ తిన్నాను. కనబడినవి ఆ నూకలో, ఉడికి విరిగినవో పోల్చుకోలేకపోయాను.

తినడం అయ్యాక ఆడబిడ్డ దేవుడి అర దగ్గర నుంచి ఒక గాజు సీసా తెచ్చి చూపించింది. పచ్చటి బియ్యం, మధ్యలో వేపాకులు. "అన్నీ వండలే వదినా. ఒక్క దోసెడు దాచిన. దీని పెండ్లయినంక దీని ఒడిల పోస్త." కూతురి తల మీద చెయ్యి వేసింది. "మొదటి దోసెడు నువ్వే పొయ్యాలె."

అత్తమ్మ ఆ సీసాను చూసింది, నన్ను చూసింది. "పోస్తది. ఎందుకు పొయ్యది?" అంది కూతురితో.

ఆ సీసా ఇప్పటికీ మీర్‌పేట్‌లో ఆ అర మీదే ఉంది. రాకపోకలు ఇప్పుడు బాగున్నాయి, నెలకోసారైనా పోతాం. పోయినప్పుడల్లా ఆడబిడ్డ నాకు ఆ అరకు ఎదురుగా సోఫాలో మంచి చోటు చూపిస్తుంది. నేను కింద చాప మీద, ఆ అరకు వీపు పెట్టి కూర్చుంటాను.